అమ్మ పెళ్ళి పట్టుచీర కోసి పాపకి లంగా కుట్టించొచ్చా? మీ చిన్నప్పటి పట్టు లంగాల సంగతులు కూడా చెప్పండి

నెల్లూరమ్మాయి
అందరికీ నమస్తే. వచ్చే సంక్రాంతికి మా పాపకి పట్టు లంగా కుట్టిద్దామనుకుంటున్నా, దానికి ఏడేళ్ళు. షాపుల్లో రెడీమేడ్ చాలా చూశాను గానీ ఏదీ మనసుకి పట్టలేదు, అన్నీ బిరుసుగా ఉన్నాయి, వేసిన కాసేపటికే పిల్ల నడుం దగ్గర గోక్కోవడం మొదలుపెడుతుంది. అమ్మ బీరువాలో తన పెళ్ళి చీర ఉంది, నెమలికంఠం రంగు, జానెడు అంచు, చెంగు నిండా మామిడి పిందెలు. కానీ మడతల దగ్గర చీలిపోయింది, కట్టుకోవడానికి పనికిరాదు. అమ్మేమో "కోయించెయ్యవే, నేనింకెక్కడ కడతాను దాన్ని" అంటుంది. నాకే చేతులు రావట్లేదు.

నా చిన్నప్పుడు నాకూ ఒక పట్టు లంగా ఉండేది, వంగపండు రంగు, ఎర్ర అంచు, పైన బుట్ట చేతుల జాకెట్టు. అమ్మ దాన్ని కావాలనే పొడుగ్గా తీసుకుని అంచు పైన మూడు టక్కులు పెట్టించింది, పిల్ల ఎదుగుతుంది కదా అని. సంక్రాంతి ముందు రోజుల్లో బ్లేడుతో ఒక టక్కు కుట్టు విప్పి ఇస్త్రీ చేసేది. విప్పిన చోట లోపలి రంగు కొత్తగా, ముదురుగా ఒక పట్టీలా లంగా చుట్టూతా కనపడేది, మిగతాదంతా కాస్త వెలిసి ఉండేది. ఆ పట్టీని వేలితో కొలుచుకుని నేనింత పెరిగాను అని మా తమ్ముడికి చూపించేదాన్ని. అది తర్వాత మా పిన్ని కూతురికి వెళ్ళింది, ఆ తర్వాత ఎవరికి వెళ్ళిందో!

మీ అందరి దగ్గరా ఇలాంటివి ఉండే ఉంటాయి. అవి చెప్తూనే ఈ చీర విషయం ఏం చెయ్యమంటారో కూడా చెప్పండి.

కోనసీమ_కొబ్బరిచెట్టు
కోయించెయ్యండి, మా ఇంట్లో అందరివీ అలాగే కుట్టారండి. మా అమ్మమ్మ చీరలో మా అమ్మకి, మా అమ్మ చీరలో నాకూ అక్కకీ. మాది అమలాపురం దగ్గర ఊరు, భోగి నాడు తెల్లారకట్ట మంట దగ్గర చలికి వణుకుతూ నిలబడేవాళ్ళం, తలంటు పోసుకున్నాక కొత్త బట్టలకి పసుపు పెట్టి అప్పుడు వేసేవారు, ఆ పసుపు మరక ఏ మూలన పెట్టారో వెతుక్కుని చూసుకోవడం అదో సరదా, సాయంత్రం భోగిపళ్ళు పోసేటప్పుడు చిల్లర పైసలు లంగా కుచ్చిళ్ళలో పడితే అవి మనవే అన్నమాట, ఎవరూ అడగకూడదు. అందుకని లంగా బాగా పరుచుకుని కూర్చునేదాన్నండి.

ఒక మాట. ఏడేళ్ళ పిల్లకి నడుం దగ్గర నాడా పెట్టి కుడితే నిలవదు, జారిపోతా ఉంటుంది, పిల్ల పండగంతా దాన్ని ఎగలాక్కోవడమే సరిపోతుంది. బాడీ లంగా కుట్టించండి. పైన మెత్తటి కాటన్ బాడీ, దానికే లంగా కలిపి కుట్టేస్తారు, బరువంతా భుజాల మీద ఉంటుంది, నడుం కోసుకోదు. దాని మీద జాకెట్టు వేస్తే బాడీ ఎవరికీ కనపడదు.

మగ్గం_ఇల్లు
అక్కా, ఆ చీర ఎక్కడిదో అమ్మని అడుగుర్రి. పెళ్ళి ఎప్పుడయింది? 80ల ముందుదైతే అంచుల ఉన్నది అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ. ఎర్ర పట్టు దారం మీద సన్న వెండి తీగ చుట్టి పైన బంగారు పూత పోస్తరు, సూరత్ నుంచి వస్తది. అంచుల నుంచి ఒక్క జరీ పోగు తీసి గోరుతోని గీకి చూడుర్రి, తీగ ఊడి లోపల ఎర్ర దారం కనపడితే అసలుది అనుకోవచ్చు. లోపల తెల్లగనో, రాగి రంగు తీగనో ఉంటే వేరే రకం.

మడతల కాడ చీలుడు అన్నది చీర పాడు చీరని కాదు. ఏండ్లకేండ్లు ఒకటే మడతల ఉంటే పోగులు గక్కడనే విరుగుతయి. ఆర్నెల్లకొకసారి తీసి మడత మార్చి పెట్టాలె. కలరా ఉండలు జరీకి తగలకుండ చూడాలె. ప్లాస్టిక్ కవర్ల అసలే పెట్టొద్దు, పాత కాటన్ పంచెల చుట్టి పెట్టుర్రి.

ఇగ చిన్నప్పటి ముచ్చట. మాది భూదాన్ పోచంపల్లి పక్క ఊరు. ఇంట్ల మగ్గం, నాయిన నేసేది, అమ్మ ఆసు పోసేది. పేక దారాన్ని చీలల మీదికెళ్ళి అటూ ఇటూ తిప్పాలె, ఒక చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి పోయిరావాలె. రాత్రి భుజం గుంజుతుందని కొబ్బరినూనె రాయించుకునేది. అందుకే చింతకింది మల్లేశం సార్ 1999ల ఆసు మిషన్ తయారుచేసి వాళ్ళమ్మ లక్ష్మి పేరు పెట్టిండంటే మా దిక్కు ఆడోళ్ళకు అది ఎంత పెద్ద సంగతో చెప్పలేను, 2017ల పద్మశ్రీ వచ్చింది ఆయనకు.

ఇంటి నిండ పట్టే ఉండె గానీ మేం ఏసుకున్నది మిల్లు బట్ట. నేసింది షావుకారుకు పోయేది. ఒక్కసారి మాత్రం ఒక చీరల చిట్కీ కలవలె. చిట్కీ అంటే దారాన్ని ముందే కట్టి రంగుల ముంచి, నేసేటప్పుడు పువ్వుకు పువ్వు కలుపుకుంట పోవుడు. మధ్యల ఒక జానెడు మేర పువ్వు పక్కకు జరిగింది. షావుకారు తీసుకోలె, కూలి కూడ పట్టుకున్నడు. నాయిన ఆ రోజు అన్నం తినలె. వారం పోయినంక అమ్మ ఆ గుడ్డను కోసి మా అక్కకు లంగ కుట్టింది. ఆ యేడు సద్దుల బతుకమ్మకు అది ఏసుకుని చెరువు గట్టు మీద అక్క తిరుగుతుంటే ఊళ్ళె ఆడోళ్ళంత పట్టుకుని చూసిన్రు. ఎడమ మోకాలి కాడ పువ్వులు విరిగినట్టు ఉంటయి, కుచ్చిళ్ళల కొంచెం దాగుతయి, నడుస్తుంటే మళ్ళ కనపడ్తయి. అది ఇప్పటికీ అక్క దగ్గరనే ఉన్నది, ఎవ్వరికీ ఇయ్యలె.

నెల్లూరమ్మాయి
అన్నా మీ అక్క గురించి చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. అమ్మని అడిగాను, పెళ్ళి 1978లో అయిందంట, చీర ధర్మవరం పోయి తెచ్చారంట తాతయ్య వాళ్ళు. మీరు చెప్పినట్టే గీకి చూస్తే లోపల ఎర్ర దారమే వచ్చింది!

సీమబిడ్డ
అక్కా ధర్మవరమా, అయితే నేను మాట్లాడాల్సిందే. మాది ధర్మవరం పక్కన పల్లె. నెమలికంఠం అంటే పడుగు (నిలువు పోగు) ఒక రంగు పేక (అడ్డం పోగు) ఇంకో రంగు, నీలం మీద ఆకుపచ్చ ఆడతాది, అందుకే ఎండలో ఒక రంగు, దీపం ముందర ఇంకో రంగు అవపడతాది. చీర పట్టుకుని కిటికీ దగ్గర అట్లా ఇట్లా తిప్పి చూడు, నీకే తెలుస్తాది. అంచులో ఏముండాది? హంసలా, రుద్రాక్షలా? లేపాక్షి గుడి స్తంభాల మీద చెక్కిన డిజైన్లు మా వాళ్ళు చానా చీరల్లోకి తెచ్చినారు, ఒకసారి గుడికి పోతే స్తంభం స్తంభమూ చూసుకో, మీ అమ్మ చీర అంచు యాడైనా దొరుకుతుందేమో.

మాయమ్మ నాకు పట్టు పావడ కుట్టించింది నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు. హిందూపురం మార్కెట్‌కి పట్టుగూళ్ళు వేసొచ్చిన దుడ్లతో. మేము మల్బరీ వేసినాము అప్పుడు, పురుగులకి రాత్రిళ్ళు కూడా లేచి ఆకు వెయ్యాల, నాలుగో జ్వరం (పురుగు తినడం ఆపి పొర విడిచే నిద్ర) లేచినాక అవి ఆకు తింటా ఉంటే ఇంట్లో వాన పడినట్టు శబ్దం. ఆ సారి పంట బాగొచ్చింది, రేటు కూడా వచ్చింది. మా నాయన మార్కెట్ నుంచి నేరుగా ధర్మవరం పోయి పావడ గుడ్డ తెచ్చినాడు, ఇంట్లో ఎవరికీ చెప్పలా. అది ఎర్రది, పచ్చంచు. ఆ పావడలో మన పురుగులు చేసిన పట్టు ఉందా నాయనా అని అడిగితే "ఉంటాదిలే బిడ్డా, ఒక పోగైనా ఉంటాది" అన్నాడు. నేను నమ్మినాను. ఇప్పటికీ నమ్ముతా.

పంచె_కండువా
ఆడపిల్లల సంగతులేనా, మా మగపిల్లల సంగతి ఎవరికీ పట్టదా 🙂 మాకు దసరాకి నాన్న ఒకే తాను తెచ్చేవారు, అన్నదమ్ములం ముగ్గురికీ, బాబాయి పిల్లలకీ అందులోనే చొక్కాలు. గళ్ళ చొక్కాలు. ఐదుగురం ఒకే గళ్ళతో గుడికెళ్తే పూజారిగారు మమ్మల్ని పేర్లతో పిలవడం మానేసి "రండ్రా గళ్ళ చొక్కాలూ" అనేవారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం నా పంచెల ఫంక్షన్‌కి కట్టిన పట్టు పంచె. మా తాతయ్యది అది, మేనమామ తెచ్చిన కొత్తదాన్ని పక్కన పెట్టి నేను అదే కావాలన్నాను. తాతయ్య స్వయంగా కట్టారు, గోచీ దోపుతూ "గట్టిగా ఊపిరి పీల్చుకో, ఇప్పుడు వదులు" అని. ఆ బిగువు రోజంతా నిలిచింది. నెల్లూరమ్మాయి గారూ, నా ఓటు కోయించడానికే.

పాతనగరం_పిల్ల
మాది హైదరాబాద్ పాతబస్తీ. మా ఇంట్లో పట్టు లంగాలు లేవు గానీ ఇదే కథ, అందుకే రాస్తున్నా. నానీమా పెళ్ళికి కట్టిన ఖడా దుపట్టా ఉండేది, ఆరు గజాల దుపట్టా, అంచుల్లో గోటా, అంటే మెరిసే జరీ పట్టీ. ఒక రంజాన్‌కి ఇంట్లో పరిస్థితి బాగాలేదు, అబ్బా దుకాణం మూతపడింది, పిల్లలకి కొత్త బట్టలు కష్టం అని అమ్మీ మెల్లగా చెప్పింది. నానీమా ఏం మాట్లాడలేదు. ఇరవై ఏడో రోజా అయ్యాక ఆ దుపట్టా తీసి తనే కత్తెర పెట్టి నాకు షరారా, చెల్లికి కుర్తీ కుట్టడం మొదలుపెట్టింది, కళ్ళు సరిగ్గా కనపడవు, సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. చాంద్ రాత్ నాడు అందరూ పత్తర్‌గట్టి, మదీనా వైపు షాపింగ్‌కి పోతుంటే మేం ఇంట్లో కూర్చుని గోటా కుట్టుకుంటున్నాం. ఈద్ పొద్దున అది వేసుకుని బయటికొస్తే గల్లీలో అందరూ ఏ షాపులో కొన్నారు అని అడిగారు. నానీమా దుపట్టా అని గర్వంగా చెప్పాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. దుపట్టా పెట్టెలో ఉండుంటే నాకు అది ఒక బట్ట మాత్రమే అయ్యేది. కోయించండి అక్కా.

గుంటూరు_పెద్దమ్మ
నేనొక్కదాన్నే వేరే మాట చెప్తున్నాను, ఏమీ అనుకోకండమ్మా. నేను ఒప్పుకోను కోయడానికి. 78 నాటి అసలు జరీ ధర్మవరం చీర మళ్ళీ రాదు. లంగా కుట్టిస్తే పాప మూడేళ్ళు వేస్తుంది, ఆ తర్వాత ఏం చేస్తారు? చీర చీరగా ఉంటే అది మీ అమ్మ పెళ్ళి. ముక్కలు చేశాక అది ఇంకేదో. చీలిన చోట వెనక నుంచి సన్నని నెట్ గుడ్డ వేసి చేత్తో కుట్టిస్తే నిలుస్తుంది, మా వదినది అలాగే చేయించాం. పాపకి కొత్తది కావాలంటే ధర్మవరమో వెంకటగిరో వెళ్ళి నేసేవాళ్ళ దగ్గరే లంగా గుడ్డ కొనండి, వాళ్ళకీ నాలుగు డబ్బులు వస్తాయి. వెంకటగిరి మీ నెల్లూరికి ఎంత దూరం చెప్పండి! అందరూ పాతవి కోసుకుంటూ కూర్చుంటే మగ్గం ఎలా ఆడుతుంది?

డాలస్_తెలుగమ్మ
పెద్దమ్మా, దాచిపెట్టిన చీరలకి ఏమవుతుందో మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అమ్మ కూడా ఏదీ కోయనిచ్చేది కాదు, ట్రంకు పెట్టెలో దాచేది, తన పెళ్ళి చీర, నా చిన్నప్పటి లంగాలు, అన్నీ. అమ్మ పోయాక రాజమండ్రి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నేనిక్కడే ఉన్నాను, వీసా పేపర్ల వల్ల కదలడానికి లేదు. ఇంట్లో వాళ్ళకి ఆ పెట్టె ఏంటో తెలీదు. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం, చిరిగినా పర్లేదు" అని అరుస్తూ వస్తారు చూడండి, వాళ్ళకి ఇచ్చేశారు. వాళ్ళు చీర కొనరు, అందులో వెండి కొంటారు. అంచు కత్తిరించి తూకం వేస్తారు, తర్వాత కాల్చి వెండి తీస్తారు. నా లంగా, చిలకపచ్చది, చిన్న చిన్న రుద్రాక్ష అంచు, అది కూడా అందులోనే పోయింది. ఎవరి మీదా కోపం లేదు నాకు. కానీ మా అమ్మాయికి ఇక్కడ ఉగాది ప్రోగ్రాంకి లంగా వేసిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది.

నెల్లూరమ్మాయ్, మీ అమ్మగారు ఉన్నారు, ఆవిడే కోయించమంటున్నారు, పాప వేసుకుంటే ఆవిడ కళ్ళతో చూస్తారు. ఇంకేం కావాలి?

గుంటూరు_పెద్దమ్మ
నీ మాట చదివి బాధేసింది తల్లీ. ఆవిడ చూస్తుంది అన్నావు చూడు, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. కానీ చెంగు కోయనివ్వకండి, అంతే నేను చెప్పేది.

కుట్టుమిషను
ఇప్పుడు నా వంతు 🙂 మా నాన్న టైలరు, విజయవాడలో చిన్న షాపు, పండగ నెలలో మా ఇంట్లో నిద్ర అనేది ఉండదు. స్కూల్ నుంచి రాగానే నేనూ చెల్లీ కాజాలు కుట్టేవాళ్ళం, హుక్కులు వేసేవాళ్ళం. ఊరందరి లంగాలూ కుట్టి, భోగి ముందు రాత్రి చివరి డెలివరీ అయ్యాక నాన్న మావి మొదలుపెట్టేవాడు. తెల్లారేసరికి తలగడ పక్కన పెట్టి ఉండేవి, ఇస్త్రీ వేడి ఇంకా ఉండేది వాటికి.

సరే, చీర సంగతి. పెద్దమ్మ గారి కోరిక కూడా తీరుతుంది చూడండి. చీర ఐదున్నర మీటర్లు ఉంటుంది. ఏడేళ్ళ పిల్లకి గేరు (లంగా చుట్టుకొలత) రెండున్నర మీటర్లు చాలు, మంచి కుచ్చిళ్ళు వస్తాయి. చెంగు వైపు ఒక మీటరు పైన కదపకుండా వదిలేసినా జాకెట్టుకి గుడ్డ మిగులుతుంది. చీర వెడల్పు 46 అంగుళాల వరకూ ఉంటుంది, పాపకి నడుం నుంచి మడమ దాకా 27, 28 ఉంటుంది అనుకుందాం. అంగుళంన్నర టక్కు ఒకటి మూడు అంగుళాల గుడ్డ తింటుంది, మూడు టక్కులకి తొమ్మిది. అంటే 37, పైన బాడీకి కలపడానికి రెండు. సరిపోగా పై అంచు వైపు ఇంకా మిగులుతుంది. పెద్ద అంచు కిందకి రావాలి, చిన్న అంచు ఉంటే కత్తిరించి జాకెట్టు చేతులకి వెయ్యండి.

చీలికలు రెండు రకాలు చూసుకోండి. అడ్డంగా, అంటే అంచు నుంచి అంచుకి ఉన్నవి కుచ్చిళ్ళలో పోతాయి, భయం లేదు. పొడుగూతా నడిమడతలో ఉన్న చీలికే ఇబ్బంది. అది సరిగ్గా ఒక టక్కు లోపలికి వచ్చేలా గుర్తు పెట్టించండి, ఆ టక్కుని మాత్రం ఎప్పటికీ విప్పకండి, మిగతా రెండూ విప్పుకోవచ్చు. లంగా మొత్తానికి లోపల మెత్తటి కాటన్ లైనింగ్ వేయించండి, పట్టుకి ఒక్కచోట కూడా లాగుడు పడకూడదు. లైనింగ్ ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించాలి, లేకపోతే తర్వాత అది ముడుచుకుని పైగుడ్డ ఉబ్బుతుంది. జాకెట్టుకి పక్కల్లో కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం వదలమనండి. కొందరు టైలర్లు నీటుగా ఉండాలని ఆ మిగులుని కత్తిరించేస్తారు, మీరు దగ్గరుండి చెప్పండి.

మగ్గం_ఇల్లు
కుట్టుమిషను అక్క చెప్పింది ఫస్ట్ క్లాస్. పెద్దమ్మా, మీ మాట గూడ కరెక్టే, కొత్తది కొంటే మగ్గం ఆడ్తది. కానీ ఒక్కటి చెప్త, నేసినోనికి అది పెట్టెల ఉన్నదంటే సంతోషం కాదు. నాయిన ఎవరి పెళ్ళిలనన్న పోచంపల్లి చీర కనపడితే దగ్గరికి పోయి చూసేది, చీర కట్టుకున్నామె ఏమనుకుంటదోనని నేను చెయ్యి పట్టి గుంజుతుంటి. "కట్టుకున్నరు రా" అనేటోడు, గంతే.

నెల్లూరమ్మాయి
అందరికీ చాలా చాలా థాంక్స్. ఇది మొత్తం అమ్మకి చదివి వినిపించాను, డాలస్ అక్క రాసింది రెండుసార్లు చదివించుకుంది. పెద్దమ్మ గారూ, చెంగు అలాగే ఉంచుతున్నాం, అమ్మే దాన్ని పంచెలో చుట్టి పెట్టింది. వచ్చే ఏడాది పాపకి కొత్తది వెంకటగిరిలోనే కొంటాను, మాటిస్తున్నాను.

నిన్న చీర మంచం మీద పరిచి చూశాం. సీమబిడ్డా, అంచులో హంసలే! కిటికీ దగ్గర తిప్పితే నువ్వు చెప్పినట్టే రంగు ఆడింది, పాప పది సార్లు తిప్పించింది. అడ్డ చీలికలు నాలుగున్నాయి, నడిమడతలో ఒకటి, అది జానెడు పొడుగే. ఒకచోట చిన్న పసుపు మరక ఉంది, తలంబ్రాలప్పటిది అంట. మరక ఉన్న ముక్క జాకెట్టులోకి వచ్చేలా చెయ్యమంది అమ్మ, తీసెయ్యొద్దంది. టక్కులు మూడు పెట్టిస్తున్నాను. ఆదివారం టైలర్ దగ్గరికి వెళ్తున్నాం. ఒక్కటే డౌటు, వేసుకున్నాక ఉతకడం ఎలా? డ్రైక్లీనింగ్‌కి ఇవ్వాలా?

కోనసీమ_కొబ్బరిచెట్టు
అంత పాత చీరని డ్రైక్లీనింగ్ మిషన్లో వెయ్యనివ్వకండి. విప్పగానే నీడలో గాలికి ఆరెయ్యండి, చెమట ఆరిపోతుంది, చాలాసార్లు అంతే చాలు. మరీ మాసిందనుకుంటే కుంకుడుకాయ రసం పల్చగా చేసి అందులో ముంచి తియ్యడమే, పిండకూడదు, తువ్వాల్లో చుట్టి నీళ్ళు లాగించి నీడలో ఆరెయ్యాలి. ముందు చీర లోపలి వైపు ఒక మూల తడిపి తెల్ల గుడ్డతో అద్ది చూడండి, రంగు దిగితే ఇంక నీళ్ళ జోలికే వెళ్ళకండి. ఇస్త్రీ లోపలి వైపునే, పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి. దీపావళికి మాత్రం వేసుకోనివ్వకండి, మతాబుల దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు చిల్లు పడటానికి.

కుట్టుమిషను
ఆదివారం వెళ్ళేటప్పుడు పాపని తీసుకెళ్ళండి, పాత గౌను కొలత ఇచ్చి రాకండి. ఇంకోటి, కోసే ముందు మడత చీలిక దగ్గర టైలర్ చేత సుద్దతో గీత గీయించి మీరొకసారి చూసుకోండి, ఆ తర్వాతే కత్తెర. ఫిట్టింగ్ ఏమైనా తేడా వస్తే ఇక్కడే రాయండి, ఆదివారం నేను ఖాళీగానే ఉంటాను.